చంటిపిల్లల పగటి నిద్ర: ఆరుబయటా, ఇంట్లోనా? ఏది మేలు?

జనవరి నెలలో కోపెన్‌హాగన్ వీధుల్లో తిరిగితే ఏ కెఫే ముందైనా కనిపించే దృశ్యమే ఇది. పెద్ద చక్రాల ప్రామ్‌లు, అంటే తోసుకెళ్ళే పిల్లల తొట్లు, రెండో మూడో గోడ వారగా ఆపి ఉంటాయి, వాటిలో చంటిపిల్లలు ఆదమరిచి నిద్రపోతుంటారు, తల్లులు అద్దాల లోపల కాఫీ తాగుతూ కబుర్లాడుకుంటుంటారు. బయట చలి సున్నా డిగ్రీలో, అంతకన్నా తక్కువో. ఈ ఫొటో మన ఫ్యామిలీ గ్రూపుల్లోకి ఎప్పుడొచ్చినా రెండు రకాల మాటలే వినిపిస్తాయి. ఒకటి, "అయ్యో, వీళ్ళసలు కన్నతల్లులేనా?" అని. రెండోది, "చూశారా ఎంత గట్టిగా పెంచుతున్నారో, మనమే ఏసీ గదుల్లో పెట్టి పిల్లల్ని నాజూకు చేస్తున్నాం" అని. నాకు రెండూ తొందరపాటు మాటలే అనిపిస్తాయి, ఎందుకంటే మొదటివాళ్ళు మన ఊళ్ళో పొలం గట్టున చెట్టుకి కట్టిన చీర ఉయ్యాలను మర్చిపోయారు, రెండోవాళ్ళు మన దోమల్ని మర్చిపోయారు.

అందుకని కాస్త స్థిమితంగా పక్కపక్కన పెట్టి చూద్దాం.

ముందు వాళ్ళ పద్ధతి. డెన్మార్క్, స్వీడన్, నార్వే, ఫిన్లాండ్, ఐస్‌లాండ్, అన్ని చోట్లా ఇది మామూలే, ఎవరూ వింతగా చూడరు. కానీ ఇది అనాదిగా వస్తున్న ఆచారం అనుకుంటే పొరపాటు, దీని వెనక డాక్టర్లున్నారు. ఫిన్లాండ్‌లో 1920ల్లో దీన్ని గట్టిగా ప్రచారం చేసినవాళ్ళలో ఆర్వో యుల్పో అనే పిల్లల డాక్టర్ ముఖ్యుడు. అప్పటి ఇళ్ళు ఇరుకు, చీకటి, పొగ. క్షయ, రికెట్స్ లాంటి జబ్బులు ఉండనే ఉన్నాయి. 1930ల్లో కూడా ఆ దేశంలో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో 65 మంది దాకా ఏడాది నిండకుండానే పోయేవారు. అలాంటి ఇంట్లో కన్నా వాకిట్లో గాలీ వెలుతురూ మేలని డాక్టర్లు చెప్పారు, తల్లులు విన్నారు, అలవాటైపోయింది. ఫిన్లాండ్ ప్రభుత్వం కాన్పుకి ముందు ఇచ్చే పెట్టెలో బట్టలూ, పక్కబట్టలతో పాటు చలికి వేసే దుస్తులు కూడా ఇస్తున్నారు, అంటే బిడ్డ బయటికి వెళ్తుందనే లెక్కతోనే అన్నమాట.

ఫిన్లాండ్‌లోని ఔలు యూనివర్సిటీ పరిశోధకులు అక్కడి తల్లిదండ్రుల్ని అడిగి 2008లో ఒక వ్యాసం వేశారు. చాలామంది బిడ్డకి రెండు వారాలు నిండగానే బయట పడుకోబెట్టడం మొదలుపెట్టామన్నారు, మైనస్ 5 డిగ్రీలు బాగుంటుందన్నారు, ఇంట్లో కన్నా బయటే ఎక్కువసేపు నిద్రపోతారన్నారు. ఇది తల్లిదండ్రులు చెప్పిన మాట అని గుర్తుపెట్టుకోవాలి. గడియారం పెట్టి రెండు గుంపుల్ని పోల్చిన లెక్క కాదు. పైగా అన్ని పొరల బట్టల్లో చుట్టేస్తే చేతులూ కాళ్ళూ కదలవు, ఉలిక్కిపడి లేవడం తగ్గుతుంది, ఆ నిద్రలో కొంత క్రెడిట్ చలికి కాక మూటకే ఇవ్వాలి. మన అమ్మమ్మలు స్నానం చేయించి మెత్తటి పాత చీర ముక్కలో చుట్టి పడుకోబెడితే నాలుగు గంటలు లేవని పిల్లలు ఎందరు లేరు!

ఇక ఎలా పడుకోబెడతారన్నది దగ్గర్నుంచి చూస్తే, "మంచులో వదిలేశారు" అనే మాట ఎంత అన్యాయమో తెలుస్తుంది. ప్రామ్ అంటే మనం షాపింగ్ మాల్‌లో తోసే కూర్చోబెట్టే స్ట్రోలర్ కాదు, చదునుగా పరుపు వేసి ఉండే లోతైన తొట్టి. కింద గొర్రె ఉన్ని పరుపు, బిడ్డకి ఒంటికి అతుక్కునే ఉన్ని చొక్కా, దానిమీద ఇంకో పొర, చెవులు మూసే టోపీ, పైన దుప్పటి లేదా స్లీపింగ్ బ్యాగు. ముఖం మాత్రం తెరిచే ఉంచుతారు. గాలి ఎదురుగా కొట్టకుండా ప్రామ్‌ని తిప్పి పెట్టి, పిల్లులు ఎక్కకుండా వల వేస్తారు. లోపల బేబీ మానిటర్ ఉంటుంది. మధ్యలో ఎవరో ఒకరు వచ్చి మెడ వెనక రెండు వేళ్ళు పెట్టి చూసిపోతారు. అక్కడ వెచ్చగా ఉంటే సరే, ముక్కూ చేతులూ చల్లగా ఉన్నా కంగారు పడరు. మెడ దగ్గర చెమట తగిలితే మాత్రం ఒక పొర తీసేస్తారు. మరీ మైనస్ 10 దాటితే చాలామంది లోపలే పడుకోబెడతారు, జ్వరంగా ఉన్నా, నెలలు నిండకుండా పుట్టినా అంతే. డెన్మార్క్ క్రెష్‌లలో అయితే వరసగా చెక్క తొట్లు పెట్టిన షెడ్లే ఉంటాయి, మధ్యాహ్నం అన్నం తినగానే పిల్లలందర్నీ అక్కడికే తీసుకెళ్ళి పడుకోబెడతారు.

ఇప్పుడు మనవైపు. పల్నాడులో మిరపకాయ కోతలప్పుడో, అనంతపురంలో వేరుశెనగ కలుపు తీసేటప్పుడో చేలో వేపచెట్టుకో తుమ్మచెట్టుకో కట్టిన చీర ఉయ్యాలలు చూడనివాళ్ళు మన పల్లెల్లో పుట్టినవాళ్ళలో ఎవరూ ఉండరు. పాత నూలు చీరని రెండు మడతలేసి కొమ్మకి ముడేసి, బిడ్డ ముఖం మీదికి గుడ్డ మూసుకుపోకుండా మధ్యలో ఒక కర్రముక్క అడ్డం పెడతారు. ఆరేడేళ్ళ అక్క కింద కూర్చుని తాడు లాగుతుంటుంది. తల్లి ఆ సాలు చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చేటప్పుడు ఒకసారి చూసుకుంటుంది, పాలకి ఏడిస్తే వచ్చి పట్టుకుంటుంది. నాలుగడుగుల్లో అందరూ మనవాళ్ళే. ఇది ఆరుబయట నిద్ర కాక మరేమిటి?

అదే ఊళ్ళో ఇంకో ఇంట్లో కథ వేరు. బాలింతకి చెవుల్లో దూది, తలకి గుడ్డ, గదికి కిటికీలు మూత, సాయంత్రం సాంబ్రాణి పొగ. బిడ్డని పొద్దుగూకాక గడప దాటించరు, గాలి సోకుతుందని ఒక భయం, దిష్టి తగులుతుందని ఇంకో భయం, మంచు పడితే జలుబు చేస్తుందని మరో భయం. నలుగు పెట్టాక కాసేపు లేత ఎండలో పడుకోబెట్టడం తప్పితే మూడో నెల దాకా ఆ బిడ్డకి ఆకాశం కనబడదు.

నాకు ఇక్కడే అసలు విషయం ఉందనిపిస్తుంది. వాళ్ళకి బయట నిద్ర డాక్టర్ రాసిచ్చిన మందులా వచ్చింది, మనకి కూలి పనివల్ల వచ్చింది. అందుకే చేతిలో డబ్బులు ఆడగానే మనం చేసే మొదటి పని బిడ్డని లోపలికి తెచ్చుకోవడం. వాళ్ళ చేతిలో డబ్బులు ఆడితే ఇంకా ఖరీదైన ప్రామ్ కొని మళ్ళీ బయటే పెడతారు. "మన సంస్కృతిలో లేదు" అనే మాట ఎవరైనా అంటే నమ్మకండి, మన పేదవాళ్ళ దగ్గర ఎప్పుడూ ఉంది, దాన్ని గొప్పగా చెప్పుకోవడమే లేదు.

రెండో తేడా, చలికన్నా పెద్ద తేడా, ఒంటరితనం. మన బిడ్డ బయట పడుకున్నా చుట్టూ మనుషులుంటారు. వాళ్ళ బిడ్డ అద్దానికి అవతల ఒక్కతే ఉంటుంది. దారినపోయే ఎవరూ ఏమీ చేయరనే నమ్మకం మీద ఆ అలవాటంతా నిలబడి ఉంది. ఆ నమ్మకం లేని చోటికి తీసుకెళ్తే ఏమవుతుందో 1997 మే నెలలో న్యూయార్క్‌లో తేలిపోయింది. డెన్మార్క్ నుంచి వచ్చిన ఒక తల్లి మాన్‌హాటన్‌లో రెస్టారెంట్ బయట 14 నెలల పాపని స్ట్రోలర్‌లో ఉంచి, కిటికీ లోపల కూర్చుని తింటోంది. పోలీసులొచ్చి తల్లినీ తండ్రినీ అరెస్టు చేశారు, పాపని నాలుగు రోజులు వేరేవాళ్ళ సంరక్షణలో పెట్టారు. తర్వాత కేసు నిలబడలేదనుకోండి, కానీ ఆ నాలుగు రోజులు ఎవరు తిరిగిస్తారు?

తమాషా ఏమిటంటే ఆ న్యూయార్క్ కూడా ఒకప్పుడు ఇలాగే ఉండేది. తర్వాతి కాలంలో అధ్యక్షుడి భార్య అయిన ఎలియనోర్ రూజ్‌వెల్ట్, 1906లో పుట్టిన తన కూతుర్ని గాలి తగలాలని కిటికీ బయట తీగల పంజరం వేలాడదీసి అందులో పడుకోబెట్టేది. పొరుగింటావిడ ఫిర్యాదు చేస్తానని బెదిరించాక గానీ మానలేదు. 1923లో అలాంటి కిటికీ పంజరానికి అమెరికాలో పేటెంటు కూడా ఇచ్చారు, 1930ల్లో లండన్ అపార్ట్‌మెంట్లలోనూ వాడారు. నాలుగైదు అంతస్తుల ఎత్తున పంజరంలో పసిబిడ్డ! ఆ ఫొటోలు చూస్తే డెన్మార్క్ తల్లులకి కూడా గుండె జారుతుంది.

మరి చలిగాలికి జలుబు చేయదా? జలుబు తెచ్చేది వైరస్. అది మూసిన గదిలో పదిమంది మధ్య తేలిగ్గా అంటుకుంటుంది. అలాగని బయట పడుకున్న పిల్లలకి జబ్బులే రావని ఎవరైనా అంటే అదీ నమ్మనక్కర్లేదు, దానికి గట్టి రుజువు నాకెక్కడా కనబడలేదు.

ఇదంతా విని హైదరాబాద్‌లోనో విజయవాడలోనో మొదలుపెడదామనుకునేవాళ్ళకి నా సమాధానం సూటిగా వద్దనే. చలి మన సమస్య కానే కాదు, లంబసింగి, ఆదిలాబాద్ డిసెంబర్ తెల్లవారుజాములు తప్పిస్తే. మనకి మొదటి శత్రువు ఎండ. ఎండ పడకుండా ప్రామ్ మీద పల్చటి గుడ్డ కప్పితే సరిపోతుందనుకుంటారు, అదే ప్రమాదం. స్వీడన్‌లో ఒక పత్రిక వేసవిలో పరీక్షించి చూస్తే గుడ్డ లేని ప్రామ్‌లో 22 డిగ్రీలు ఉన్నది గుడ్డ కప్పిన అరగంటకి 34కి చేరింది. అది స్వీడన్ ఎండ! మే నెల రామగుండంలో, రెంటచింతలలో ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. ఒళ్ళు మరీ వేడెక్కడం పసిపిల్లల్లో నిద్రలోనే ప్రాణం పోయే ప్రమాదాన్ని పెంచుతుంది.

రెండోది దోమ. డెంగీ దోమ పగలే కుడుతుంది, మరీ ముఖ్యంగా పొద్దున, సాయంత్రం, అంటే సరిగ్గా మనం "చల్లగా ఉంది, బయట పడుకోబెడదాం" అనుకునే వేళల్లోనే. మూడోది వీధికుక్క. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ళ బాబు వీధికుక్కల దాడిలో చనిపోయాడని తెలిశాక, రోడ్డు పక్కన బిడ్డని ఒంటరిగా ఉంచమని ఏ నోటితో చెప్తాం? ఇక స్ట్రోలర్ ఎత్తు ఆటోల పొగగొట్టం ఎత్తుకి ఎంత దగ్గరో ఒకసారి మోకాళ్ళ మీద కూర్చుని చూడండి.

అయితే మూసిన గది గొప్పదా? అదీ కాదు. తలుపులన్నీ బిగించి, దోమల కాయిల్ వెలిగించి, సాంబ్రాణి వేసి, దాన్ని "సేఫ్" అనుకోవడం నాకు అస్సలు అర్థం కాదు. ఆ పొగంతా బిడ్డ ఊపిరితిత్తుల్లోకే కదా వెళ్ళేది. ఏసీ వేస్తే చచ్చిపోతారన్నట్టు చూసే పెద్దవాళ్ళకి ఒకటే మాట, 24 నుంచి 26 మధ్య పెట్టి, గాలి నేరుగా మీద కొట్టకుండా చూసుకుంటే, ఉక్కపోతలో మూడు బట్టలు చుట్టి పడుకోబెట్టడం కన్నా అది వందరెట్లు నయం.

చీర ఉయ్యాల మీద కూడా ఒక మాట, ఎందుకంటే దాన్ని పొగిడాను కాబట్టి. అందులో బిడ్డ వీపు వంగి, గడ్డం గుండెకి ఆనుకుంటే ఊపిరి అందదు. మరీ చిన్న నెలల్లో మెడ నిలవదు కదా. నిద్ర పట్టించడానికి ఊపండి, పట్టాక తీసి చదునైన పక్క మీద వెల్లకిలా పడుకోబెట్టండి. ఉయ్యాలలోనే ఉంచితే చూసేవాళ్ళు పక్కనే ఉండాలి, ఫోన్‌లో కాదు, కళ్ళతో.

నన్నడిగితే ఎవరికి ఏది మేలంటే, వసారా, వేపచెట్టూ ఉన్న ఇల్లయితే సందేహమే లేదు, ఎండెక్కక ముందు నీడలో, దోమతెర కింద, మంచమో తొట్టో వేసి, ఇంట్లో ఒకరు అక్కడే చిక్కుళ్ళు ఒలుచుకుంటూ కూర్చోగలిగితే అంతకు మించింది లేదు. ఏసీ కన్నా, డెన్మార్క్ ప్రామ్ కన్నా అదే నా మొదటి ఓటు. ఫ్లాట్లో ఉండేవాళ్ళు బాల్కనీలో ఒంటరిగా పెట్టకండి. కిటికీలకి మెష్ కొట్టించి తెరిచి ఉంచండి, ఫ్యాన్ వేయండి, నిద్ర లోపలే కానివ్వండి, మెలకువగా ఉన్నప్పుడు కింద పార్కుకి ఎత్తుకెళ్ళండి.

కోపెన్‌హాగన్‌లోనో స్టాక్‌హోమ్‌లోనో ఉద్యోగాలు చేసుకుంటున్న మనవాళ్ళు మాత్రం నిస్సంకోచంగా అక్కడివాళ్ళలా చేయొచ్చు. ఆ గాలీ ఆ ప్రామూ ఆ నమ్మకమూ మూడూ అక్కడున్నాయి. కెఫే ముందు వదలడానికి మనసొప్పకపోతే మానేయండి, సొంత పెరట్లో పడుకోబెట్టడానికి ఏం అడ్డం? క్రెష్‌లో ఎలాగూ బయటే పడుకోబెడతారు, ముందే మాట్లాడుకోండి. మూడు నెలల వీసా మీద గుంటూరు నుంచి వచ్చిన అత్తగారికి మాత్రం మొదటిరోజే చెప్పి ఉంచండి, లేదంటే ఆవిడ కిటికీ దగ్గర్నుంచి కదలరు, మీకూ టెన్షన్. బిడ్డ మెడ వెనక చెయ్యి పెట్టి వెచ్చదనం చూసే డ్యూటీ ఆవిడకే అప్పగించండి, వారం తిరక్కముందే పక్కింటివాళ్ళకి ఆవిడే ఎక్స్‌పర్ట్‌లా చెప్తారు.

అమెరికాలో ఉన్నవాళ్ళు ఇంటి వెనక డెక్ మీద, మీరూ పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేట్టయితేనే. చట్టం రాష్ట్రానికొకలా ఉంటుంది, 911కి ఫోన్ చేసే పొరుగువాళ్ళు అన్ని రాష్ట్రాల్లోనూ ఉంటారు.