లాబీయింగ్ డాట్ ఐఈ: ఎవరిని కలిస్తే రిజిస్టరుకెక్కాలి?

మన దగ్గర డీపీఓ అంటే జిల్లా పంచాయతీ అధికారి. ఐర్లాండ్‌లో డీపీఓ అంటే ‘డిజిగ్నేటెడ్ పబ్లిక్ అఫీషియల్’. ఎవరిని కలిసి మనకు కావలసింది చెప్పుకుంటే ఆ సంగతి బహిరంగంగా నమోదు చేయాలో, ఆ మనిషి. ఆ నమోదు జరిగే వెబ్‌సైటే లాబీయింగ్ డాట్ ఐఈ. లాబీయింగ్ అంటే ప్రభుత్వ నిర్ణయం మనకు అనుకూలంగా వచ్చేలా అధికారంలో ఉన్నవాళ్లకు చెప్పుకోవడం. 2015 లాబీయింగ్ చట్టం కింద ప్రభుత్వ పదవుల్లో ఉన్నవాళ్ల నడవడి మీద కన్నేసి ఉంచే స్టాండర్డ్స్ ఇన్ పబ్లిక్ ఆఫీస్ కమిషన్ దీన్ని నడుపుతోంది. నమోదుకు రుసుము లేదు, వెతకడానికి లాగిన్ అక్కర్లేదు.

డీపీఓల జాబితా చిన్నదేం కాదు. మంత్రులు, ఉభయ సభల సభ్యులు, ఐర్లాండ్ నుంచి ఎన్నికైన యూరోపియన్ పార్లమెంటు సభ్యులు, స్థానిక కౌన్సిలర్లు, మంత్రుల ప్రత్యేక సలహాదారులు అందరూ ఉన్నారు. ఉద్యోగుల్లో మాత్రం పైవరసతోనే సరిపెట్టారు: ప్రభుత్వ శాఖల్లో సెక్రటరీ జనరల్ నుంచి అసిస్టెంట్ సెక్రటరీ దాకా, కౌన్సిళ్లలో చీఫ్ ఎగ్జిక్యూటివ్, డైరెక్టర్ ఆఫ్ సర్వీసెస్. ఆ కింది మెట్టు ప్రిన్సిపల్ ఆఫీసర్‌ది. ఫైలు మీద మొదటి ముసాయిదా చాలాసార్లు అక్కడే తయారవుతుంది. ఆయనతో గంటసేపు కూర్చున్నా రిటర్న్ (ఎవరిని ఎందుకు కలిశామో సైటులో చెప్పే నివేదిక) వేయనక్కర్లేదు. ఈ ఏర్పాటులో పెద్ద కంత ఇదే. అయితే అదే ఈమెయిల్ కాపీ అసిస్టెంట్ సెక్రటరీకి వెళ్తే లెక్కలోకి వస్తుంది. ‘మంత్రిగారికి చెప్పండి’ అని కింది ఉద్యోగి ద్వారా కబురు పంపినా అంతే, చట్టం పరోక్ష సంప్రదింపునూ పట్టుకుంటుంది.

అమెరికా 1995 లాబీయింగ్ చట్టంతో పోలిస్తే ఇది వాడుకకు సులువు. అక్కడ కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసులో ప్రతి ఉద్యోగీ పరిధిలో ఉంటాడు. అధ్యక్షుడి పక్షానికి వస్తే ఎగ్జిక్యూటివ్ షెడ్యూల్ (పై పదవుల జీతాల పట్టిక) అయిదు స్థాయిలు, షెడ్యూల్ సి (రాజకీయ) నియామకాలు, సైన్యంలో బ్రిగేడియర్ జనరల్, ఆపైన అంటూ ఎదుటివాడి హోదా ఏమిటో మనమే ఆరా తీయాలి. ఐర్లాండ్‌లో ప్రతి సంస్థా తన డీపీఓల పేర్లు, హోదా, బాధ్యతలు సొంత వెబ్‌సైటులో పెట్టి తీరాలి. మీటింగుకు ముందే ఆ పేజీ తెరిచి చూసుకోండి. బదిలీలైనప్పుడు పేజీ పాతబడుతుంది కాబట్టి, అనుమానం ఉంటే హోదా ఏమిటని వాళ్లనే అడిగేయండి.

అధికారి తేలాక మిగిలేవి రెండు ప్రశ్నలు: అడిగేది ఎవరు, దేని గురించి? పదిమందికి మించి ఉద్యోగులున్న యజమాని, జీతం తీసుకునే మనిషి ఉన్న సంఘం, డబ్బు తీసుకుని వేరేవాళ్ల తరఫున మాట్లాడేవాళ్లు నమోదు కావాలి. భూమి విషయంలో మాత్రం మినహాయింపులు దాదాపు లేవు. డబ్లిన్‌లో జీతగాళ్లెవరూ లేని తెలుగు సంఘం ఒకటి ఉందనుకోండి. ఉగాది వేడుకకు సాయం చేయమని కౌన్సిలర్‌ను అడిగితే ఏ రిటర్నూ లేదు. గుడికి చూసుకున్న స్థలం జోనింగ్ (ఆ భూమిని దేనికి వాడొచ్చన్న నిర్ణయం) మార్చమని అదే కౌన్సిలర్‌ను అడిగితే మాత్రం నమోదు తప్పదు. సొంత నివాసం గురించి అడిగే వ్యక్తికి తప్ప భూమి జోనింగ్ మాట ఎత్తిన ఎవరికైనా ఇదే రూలు.

ఫారంలో ఎవరిని కలిశారు, ఏ విషయం, ఏం ఆశించారు, ఫోనా ఈమెయిలా మీటింగా అన్నవి నింపాలి. ‘ఏం ఆశించారు’ దగ్గర చాలామంది ‘అవగాహన పెంచడానికి’ అని రాసి చేతులు దులుపుకుంటారు. చదివేవాడికి దానివల్ల ఒరిగేదేమీ లేదు. ఏ నిబంధన ఎలా మారాలన్నారో రాయండి.

ఏడాదికి మూడు రిటర్నులు. జనవరి–ఏప్రిల్‌ది మే 21కి, మే–ఆగస్టుది సెప్టెంబరు 21కి, సెప్టెంబరు–డిసెంబరుది జనవరి 21కి చేరాలి. ఒకసారి నమోదయ్యాక ఆ నాలుగు నెలల్లో ఎవరినీ కలవకపోయినా ఏమీ లేదని చెప్పే ‘నిల్’ రిటర్న్ వేయాల్సిందే. చిన్న సంఘాలు తడబడేది ఇక్కడే, ఎందుకంటే పని లేని కాలంలో గడువు ఎవరికీ గుర్తుండదు. ఆలస్యమైతే 200 యూరోలు కట్టమని నోటీసు వస్తుంది.

వెతికేవాళ్ల వైపు నుంచి చూస్తే అధికారి పేరుతో వెతుకులాట ఈ సైటుకు ప్రాణం. లోటల్లా ఏమిటంటే నమోదు బాధ్యత కలవడానికి వెళ్లినవాడిదే, అధికారిది కాదు. మంత్రిగారి డైరీ ఇందులో ఉండదు, కాబట్టి ఎవరైనా చెప్పకుండా వదిలేసింది ఈ సైటులో దొరకదు. పైగా జనవరి 5న జరిగిన మీటింగు మే 21 దాకా కనిపించకపోవచ్చు. ఆలోపు బిల్లు పాసైపోయినా అది గడువులోపు వేసిన రిటర్నే.