పాత కోన్యాక్ బాటిల్ కొంటున్నారా? వెనక లేబులూ అడుగూ చూపించని సెల్లర్‌తో జాగ్రత్త

యూకేలో, యూరప్‌లో ఉండి పాత బాటిల్స్ కలెక్ట్ చేసే మనవాళ్ల కోసం రాస్తున్నా, ఇండియా వెళ్లేటప్పుడు మామగారికో బాబాయికో పాత కోన్యాక్ (ఫ్రాన్స్‌లోని కోన్యాక్ ప్రాంతపు బ్రాందీ) తీసుకెళ్దామని ఆన్‌లైన్‌లో వెతికేవాళ్లు కూడా చదవండి. నేను చెప్పేది దొంగ సరుకు పోసి అమ్మే మోసం గురించి కాదు. బాటిల్ అసలుదే, కానీ దాని వయసు అబద్ధం, కండిషన్ అబద్ధం. ఇలాంటిది పట్టుకోవడం ఇంకా కష్టం.

ఫ్రాన్స్‌లో ఉండే ఒక ప్రైవేట్ సెల్లర్ "1950ల త్రీ స్టార్ కోన్యాక్, సీల్ తియ్యలేదు, లెవెల్ బాగుంది" అని పెట్టాడు. త్రీ స్టార్ అంటే పీపాలో తక్కువ ఏళ్లు ఉంచే రకం, లెవెల్ అంటే బాటిల్‌లో సరుకు ఎంత ఎత్తు వరకు ఉందనేది. ఫోటోలన్నీ ముందు వైపు నుంచే, అదీ పచ్చ గుడ్డ మీద మసక వెలుతురులో తీసినవి. వెనక వైపు ఫోటో అడిగితే "కండిషన్ సూపర్, నమ్మండి" అన్నాడు, అంతే, ఫోటో మాత్రం రాలేదు. రెండొందల పౌండ్ల పైనే పెట్టాను. బాటిల్ వచ్చాక తిప్పి చూస్తే వెనక లేబుల్ మీద 70 సీఎల్ (సెంటీలీటర్లు) అని, దాని పక్కన చిన్న 'ఈ' అక్షరం లాంటి గుర్తు, కింద బార్‌కోడ్! ఆ గుర్తు యూరప్‌లో 1970ల మధ్యలో వచ్చిన కొలతల రూల్స్‌తో మొదలైంది, అక్కడి సరుకుల మీద బార్‌కోడ్ కూడా 70ల చివర్లో గానీ రాలేదు, మరి 1950ల బాటిల్ మీదకి ఇవి రెండూ ఎలా వచ్చాయి?

లెవెల్ సంగతి ఇంకా ఘోరం. భుజం కిందకి దిగిపోయింది, ముందు నుంచి తీసిన ఫోటోలో పెద్ద లేబుల్ దాన్ని కప్పేసింది. మెడ దగ్గర రేకు అంచున జిగట, లేబుల్ పైన గోధుమరంగు మరక ఎండిపోయి ఉంది. సెల్లర్‌ని అడిగితే కొరియర్‌లో కారిందన్నాడు. కానీ చుట్టిన పేపర్ పొడిగా ఉంది, పెట్టె లోపల వాసన కూడా లేదు, అంటే అది ఎప్పటినుంచో బిరడా దగ్గర కొంచెం కొంచెం పోతున్నదే. పార్సిల్ కొయ్యకముందు నుంచీ వీడియో తీశాను కాబట్టి ఆ మాట సాగలేదు. ఇప్పుడు సగం డబ్బు ఇస్తా, కంప్లైంట్ తీసెయ్ అంటున్నాడు, నేను ఒప్పుకోలేదు, బాటిల్ వెనక్కి పంపి మొత్తం డబ్బు తీసుకుంటా అన్నాను, కేసు ఇంకా తేలలేదు.

మీరు కొనేముందు ఏం అడగాలో చెప్తా. బాటిల్ వెనక టార్చ్ పెట్టి లెవెల్ కనిపించేలా ఒక ఫోటో, వెనక లేబుల్, అడుగున గాజు మీద ఉన్న అచ్చు, మూతా రేకూ దగ్గరగా, ట్యాక్స్ స్ట్రిప్ (పన్ను కట్టినట్టు మూత మీద అతికించే కాగితపు పట్టీ) ఉంటే అది. ఇవి లేకుండా డబ్బు పంపొద్దు. ఏ దేశం మార్కెట్ కోసం నింపారో తెలిస్తే కాలం కూడా చాలావరకు తెలిసిపోతుంది. బ్రిటన్ లేబుల్ మీద 70 డిగ్రీస్ ప్రూఫ్ అని ఉంటే (అంటే మన లెక్కలో 40 శాతం ఆల్కహాల్) అది 1980కి ముందుది అనుకోవచ్చు, అమెరికాకి వెళ్లిన బాటిల్ గాజు మీద తిరిగి వాడకం నిషేధం అనే ఫెడరల్ లా వాక్యం అచ్చు ఉంటే 1935 నుంచి 1964 మధ్యది, గవర్నమెంట్ వార్నింగ్ ప్రింట్ ఉంటే 1989 తర్వాతది. ఇటలీకి వెళ్లిన పాత బాటిల్స్ మూత మీద ప్రభుత్వ ట్యాక్స్ స్ట్రిప్ ఉంటుంది, అది చిరిగిందా, తీసి మళ్లీ అతికించారా అని జూమ్ చేసి చూడండి. లేబుల్ 1920లది అని చెప్తే యూవీ టార్చ్ వేసి చూడండి, కాగితం నీలంగా మెరిస్తే అనుమానించాల్సిందే, కాగితాన్ని తెల్లగా చూపించే ఆ కెమికల్స్ సుమారు 1950 నుంచే వాడుతున్నారు. లూయీ 13 (రెమీ మార్టాన్ కంపెనీ ఖరీదైన కోన్యాక్) లాంటి క్రిస్టల్ డికాంటర్లైతే ఇంకా జాగ్రత్త, ఖాళీవి విడిగా అమ్ముతారు, కాబట్టి సీల్ ఫోటో, నంబర్ ఫోటో తప్పకుండా అడగండి.

ఇంకోటి, "70 ఏళ్ల కోన్యాక్" అనే మాటకి పడిపోకండి. కోన్యాక్ వయసు పెరిగేది ఓక్ పీపాలో, గాజులోకి వెళ్లాక ఆగిపోతుంది. 1960లో నింపిన త్రీ స్టార్ ఈరోజుకీ త్రీ స్టారే. ఎక్స్‌ఓకి (ఎక్స్‌ట్రా ఓల్డ్, ఎక్కువ ఏళ్లు ఉంచే రకం) పీపాలో కనీస వయసు 2018 దాకా ఆరేళ్లు, ఆ తర్వాత పదేళ్లు చేశారు, అంటే పాత ఎక్స్‌ఓ లేబుల్ చూసి పదేళ్లు గ్యారంటీ అనుకోకూడదు. వైన్ లాగా పడుకోబెట్టి దాచిన బాటిల్ కూడా వద్దు, ఆ ఘాటుకి కార్క్ పాడైపోతుంది, ఎలా దాచారో సెల్లర్‌ని రాతపూర్వకంగానే అడగండి.

మీ దగ్గర ఇప్పటికే ఉన్నవాటికి కూడా ఈ ఫోటోలన్నీ తీసి, కిచెన్ స్కేల్ మీద బరువు తూచి తారీఖుతో రాసుకోండి. మళ్లీ ఏడాదికి తూస్తే కారుతోందో లేదో తెలుస్తుంది, రేపు అమ్మాల్సి వచ్చినా కొనేవాడికి చూపించడానికి ఉంటుంది.

ఆ సెల్లర్ అదే గుడ్డ మీద ఇంకో రెండు బాటిల్స్ పెట్టాడు, ఈసారి 1940లవట, మళ్లీ ముందు వైపు ఫోటోలే. ఫ్రాన్స్ లిస్టింగ్స్‌లో అలాంటివి కనిపిస్తే వెనక వైపు అడగండి, ఏం చెప్తాడో ఇక్కడ కామెంట్‌లో పెట్టండి.