బోరు నీళ్ళు, ఉసిళ్ళు, ఎదురెండ: వాషర్ లిక్విడ్లు వాడి చూశాక

కారు ముందద్దం కడగడానికి వైపర్‌తో పాటు చిమ్మే వాషర్ లిక్విడ్ మంచిదో కాదో నీడలో తేలదు. షెడ్డులో బండి ఆపి రెండుసార్లు చిమ్మి చూస్తే షాంపూ నీళ్ళకైనా, విదేశీ సీసాకైనా అద్దం ఒకేలా మెరుస్తుంది. అసలు సంగతి ఎదురెండలో బయటపడుతుంది. మాది వనస్థలిపురం, అత్తగారి ఊరు నూజివీడు దగ్గర. విజయవాడ హైవే కాస్త దక్షిణంగా వంగుతూ తూర్పుకే పోతుంది కాబట్టి, చలికాలం పొద్దున్నే బయల్దేరితే చౌటుప్పల్ దాటేసరికి సూర్యుడు సరిగ్గా కళ్ళలో ఉంటాడు. ఎండాకాలం సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు నకిరేకల్ నుంచి మళ్ళీ అదే అవస్థ. వైపర్ ఒక ఊపు ఊగి పక్కకు పోయాక అద్దం మీద ఏం మిగిలిందో అప్పుడు కనిపిస్తుంది. ఏళ్ళ తరబడి ఒకే డీజిల్ బండిలో రకరకాలు పోసి చూశాను. ఆ మిగిలిన పొరను బట్టే దేనికైనా మార్కులు వేస్తాను. వాసన, రంగు, నురగ నాకు లెక్కలోకి రావు.

ముందు నీళ్ళ సంగతి. నీళ్ళలో కలుపుకునే చిక్కటి లిక్విడ్, అంటే కాన్సన్ట్రేట్, కొన్ని సీసాల మీద 1:100 అని ఉంటుంది, ఒక పాలు లిక్విడ్‌కు వంద పాళ్ళ నీళ్ళన్నమాట. అంటే వాషర్ ట్యాంకులో ఉండేదంతా దాదాపు మన నీళ్ళే. ఆ నీళ్ళు బోరువైతే ఎంత ఖరీదైన లిక్విడ్ కలిపినా పెద్ద ఉపయోగం లేదు. తాగునీటికి మన ఐఎస్ 10500 ప్రమాణం ప్రకారం కాఠిన్యం, అంటే నీళ్ళలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం ఉప్పుల మోతాదు, లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దిక్కు లేకపోతే 600 దాకా ఫరవాలేదు. మా కాలనీ బోరు ఎంతుందో కొలిపించలేదు గానీ, గీజర్ రాడ్డు మీద, స్నానాల గది కుళాయిల మీద తెల్లగా గట్టిపడే పెచ్చు చూస్తే చాలు. అదే కాల్షియం, మెగ్నీషియం మే నెల ఎండకు కాగిన అద్దం మీద పడితే నీరు క్షణాల్లో ఆవిరై ఉప్పు మిగులుతుంది. బానెట్ మీద తుంపర పడ్డచోట చుక్కలు చుక్కలుగా తెల్లమచ్చలు కడతాయి. అంతకన్నా చికాకు ఏమిటంటే, లిక్విడ్ చిమ్మే సూది బెజ్జమంత నాజిల్ లోపల కూడా అదే పేరుకుని ధార పక్కకు తిరుగుతుంది.

నేను పోసేది ఇంట్లో తాగే ఆర్వో నీళ్ళు. చాలా బండ్లలో ట్యాంకు రెండు నుంచి నాలుగు లీటర్లే పడుతుంది కాబట్టి అదేమీ భారం కాదు. పొదుపు పేరుతో ఆర్వో మిషను బయటికి వదిలే నీళ్ళు పట్టి పోసేవాళ్ళున్నారు. దయచేసి అది వద్దు, వడకట్టిన ఉప్పంతా అందులోనే ఉంటుంది. ఏసీ పైపు నీళ్ళు మాత్రం మంచి ఆలోచనే. గాలిలోని తేమ చల్లబడి నీరైంది కనుక అందులో ఉప్పు దాదాపు ఉండదు. కాయిల్ మీది దుమ్ము, నాచు కొట్టుకొస్తాయి కాబట్టి పలుచటి గుడ్డలో వడబోసి అప్పటికప్పుడు వాడాలి. జలమండలి కృష్ణా నీళ్ళు మధ్యరకం, నడుస్తాయి.

మరి మంచినీళ్ళు ఒక్కటే పోస్తే చాలదా అంటారు మా బావగారు. దుమ్ము వరకు చాలు. జిడ్డుకు చాలదు. ఇంకో సంగతి కూడా ఉంది. ట్యాంకులో నెలల తరబడి గోరువెచ్చగా నిలవున్న ఉత్త నీళ్ళలో లీజియోనెల్లా అనే బ్యాక్టీరియా పెరగవచ్చని, స్క్రీన్‌వాష్ (వాషర్ లిక్విడే) కలిపిన బండ్లలో ఆ ముప్పు తక్కువని 2010లో బ్రిటన్ ఆరోగ్య రక్షణ సంస్థ పరిశోధకులు చెప్పారు. బెంబేలెత్తాల్సిన పని లేదు గానీ, చిమ్మినప్పుడు ఏసీ గాలిలోంచి పాచి వాసన వస్తుంటే మాత్రం ఆ ట్యాంకు ఖాళీ చేయించండి.

షాంపూ, గిన్నెలు తోమే జెల్. ఒక సర్వీస్ సెంటర్ వాళ్ళు బిల్లులో వాషర్ లిక్విడ్ అని రాసి, పోసింది మాత్రం గులాబీ రంగు షాంపూ నీళ్ళు. బొటనవేలితో రుద్దితేనే తెలిసిపోయింది. బకెట్‌లో గుడ్డ ముంచి తోమి, తర్వాత బోలెడు నీళ్ళతో కడిగేందుకు తయారైన సరుకు అది. అద్దం మీద ఆ కడిగే పని ఎవరూ చేయరు. నురగ వైపర్ అంచున చేరి, ఆరాక చారలవుతుంది. పడమటి ఎండ పడిందంటే ఆ చారలు ఇంద్రధనుస్సులా మెరిసి ముందున్న లారీ వెనక లైట్లు కూడా ఆనవు. చౌక అన్న ఒక్క మాట తప్ప దీని తరఫున చెప్పడానికేమీ లేదు.

నీళ్ళలో బుసబుసమని కరిగే బిళ్ళలు బాగా ప్రచారంలో ఉన్నాయి. డాష్‌బోర్డు అరలో నాలుగు పడేసుకోవచ్చు, ఒలికే బాధ లేదు. బిళ్ళను నేరుగా ట్యాంకులో వేయమంటారు గానీ, నేను సీసాలో పూర్తిగా కరిగించే పోస్తాను. సగం కరిగిన ముక్క పంపు జల్లెడ దగ్గర కూర్చుంటే మన పని అయినట్టే. ఊళ్ళో తిరిగే బండికి ఇవి చాలు. పురుగుల దగ్గర తేలిపోతాయి.

రెడీమేడ్ నీలం డబ్బాలు శుభ్రంగానే పనిచేస్తాయి. కానీ డబ్బాలో ఎక్కువ భాగం నీళ్ళే, దాన్ని మోసుకొచ్చి మరీ డబ్బు కట్టడం నాకు నచ్చదు. డెట్రాయిట్‌లో ఉండే తమ్ముడు మైనస్ 20 ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో మైనస్ 29 డిగ్రీలు రాసి ఉన్న గ్యాలన్ డబ్బా ఫొటో పంపి, ఇలాంటిది కొను అన్నాడు. అక్కడ అది అవసరం, లేకపోతే పైపులోనే గడ్డకడుతుంది. గడ్డకట్టకుండా అలాంటి వాటిలో చాలావరకు కలిపేది మిథనాల్. అది విషం. యూరప్‌లో జనానికి అమ్మే వాషర్ ద్రవాల్లో మిథనాల్ బరువులో 0.6 శాతానికి చేరకూడదని 2019 మే నుంచి నిబంధన ఉంది. లంబసింగిలో డిసెంబరు తెల్లవారుజామున తిరిగినా మనకు ఆ స్థాయి మందు అక్కర్లేదు. లేబుల్ మీద మిథనాల్ కనిపిస్తే నేను మళ్ళీ షెల్ఫులో పెట్టేస్తాను.

చివరికి స్థిరపడింది సోనాక్స్ అనే కంపెనీ 1:100 కాన్సన్ట్రేట్ మీద. 250 మిల్లీలీటర్ల సీసా 25 లీటర్లకు వస్తుంది. మూడు లీటర్ల ట్యాంకుకు 30 మిల్లీలీటర్లు, దగ్గు మందు మూతతో కొలిచి పోస్తాను. నాకు లీటరుకు ఇరవై రూపాయల లోపే పడింది. కోతలకు ముందు సూర్యాపేట, కోదాడ మధ్య సాగర్ ఎడమ కాలువ కింది పొలాల పక్కన చీకటి పడ్డాక వెళ్ళండి, హెడ్‌లైట్ల వెలుగుకు పురుగులు వాన కురిసినట్టు అద్దానికి కొట్టుకుంటాయి. తొలకరి పడ్డ రాత్రి ఉసిళ్ళది ఇంకో రకం పీడ. ఒళ్ళంతా కొవ్వే కాబట్టి వైపర్ తిప్పగానే అద్దమంతా వెన్న రాసినట్టవుతుంది. ఉత్త నీళ్ళతో ఇది ఇంకా పాకుతుంది. ఈ లిక్విడ్‌తో రెండుసార్లు చిమ్మి, ఒక్క క్షణం నాననిచ్చి వైపర్ వేస్తే దారి కనబడుతుంది. పూర్తిగా పోదు, కనబడుతుంది, అంతే. రాత్రంతా ఎండిపోయిన పురుగును ఇది కదపలేదు. దానికి తడిగుడ్డ కప్పి పది నిమిషాలు ఆగాల్సిందే.

నూజివీడులో ఇంకో బెడద, మామిడి పూత రోజుల్లో చెట్టు కింద బండి పెట్టడం. తేనెమంచు పురుగు వదిలే తియ్యటి జిగురు అద్దం నిండా చుక్కలుగా అంటుకుని, దాని మీద దుమ్ము పడుతుంది. అది పంచదార కాబట్టి తాజాగా ఉన్నప్పుడు ఈ లిక్విడ్‌కు సులువుగానే లొంగుతుంది. మూడు రోజులు ఆగితే మాత్రం లొంగదు.

ఘాటు కోసం మోతాదు రెట్టింపు చేస్తే లాభం లేదు. చూశాను, సాయంత్రపు ఎండలో మళ్ళీ పొర కనిపించింది. దీని నిమ్మ వాసన కూడా మా ఆవిడకు పడదు, చిమ్మే ముందు ఏసీని లోపలి గాలికి మార్చాలి.

ఒక మాట, వైపర్ రబ్బరు ఎండకు బిరుసెక్కి ఉంటే ఏ లిక్విడ్‌నూ తిట్టకండి. మా బండి బయటే ఉంటుంది, ఏడాదికోసారి వానలకు ముందు బ్లేడ్లు మారుస్తాను. లారీ పొగతో పట్టిన పాత జిడ్డుపొర కూడా చిమ్మితే పోయేది కాదు. గ్లాస్ పాలిష్‌తో ఒకసారి రుద్ది తీసేస్తేనే ఆ తర్వాత లిక్విడ్ సత్తా తెలుస్తుంది. హ్యాచ్‌బ్యాక్ అయితే వెనక అద్దానికీ చాలా బండ్లలో ఇదే ట్యాంకు. కాబట్టి లాంగ్ డ్రైవ్‌కు ముందు మూత తీసి చూసుకోండి, ధార రాకపోయినా మీట లాగుతూనే ఉంటే పంపు కాలిపోవచ్చు.