రెండు డిస్కుల నాస్: ఏళ్ల తరబడి వాడాక రాస్తున్న రివ్యూ

ఇంట్లో ఉన్న ల్యాప్‌టాప్‌లు, డెస్క్‌టాప్, అందరి ఫోన్లలో ఫోటోలు, అన్నీ ఒకేచోట బ్యాకప్ కావాలని తీసుకున్న రెండు డిస్కుల నెట్‌వర్క్ డ్రైవ్ (నాస్) గురించి ఇది. ఒక డిస్కులో ఉన్నదే రెండోదాంట్లోనూ ఉంటుంది. కొన్న వారంలో రాసే రివ్యూలన్నీ స్పీడు ఎంత, సెటప్ ఎంత సులువు అనే దగ్గరే ఆగిపోతాయి. కానీ ఈ వస్తువు సత్తా తెలిసేది డిస్కు పోయిన రోజున, కంపెనీ అప్‌డేట్లు ఆపేసిన రోజున. నాకు ఆ రెండూ ఎదురయ్యాయి.

స్పీడు సంగతి ముందు తేల్చేస్తాను. గిగాబిట్ కేబుల్‌తో రౌటర్‌కి కలిపితే పెద్ద ఫైళ్లకి సెకనుకు 110 ఎంబీ దాకా వస్తోంది. ఆ లైను గరిష్ఠమే 125 కాబట్టి దీనికి వంక పెట్టడానికి లేదు. ఆ లెక్కన ఒక టీబీ ఎక్కడానికి రెండున్నర గంటలు చాలు, కానీ వేలకొద్దీ చిన్న ఫైళ్లుండే ఫోల్డర్ అయితే ఆ లెక్క పనిచేయదు, స్పీడు ఘోరంగా పడిపోతుంది. మొదటి బ్యాకప్ మాత్రం వైఫై మీద పెట్టకండి, కేబుల్ పెట్టి రాత్రంతా వదిలేయండి.

ఇక డిస్కు పోవడం. ఒక్కసారిగా పోలేదు. నాస్ పంపే మెయిల్‌లో రీఅలొకేటెడ్ సెక్టార్లు అనే అంకె చాలాకాలం సున్నాగా ఉండి, తర్వాత కొద్దికొద్దిగా పెరగడం మొదలైంది. అంటే డిస్కులో పాడైన చోట్లని వదిలేసి స్పేర్ చోట్లు వాడుకుంటోందన్నమాట. అంకె ఒకచోట నిలిచిపోతే కొంతకాలం చూడొచ్చు, కానీ నాది వారం వారం పెరుగుతూనే పోయింది, ఆ తర్వాత ముందువైపు లైటు నారింజ రంగులోకి మారింది. ట్రే లాగి కొత్త డిస్కు పెట్టడం ఐదు నిమిషాల పని. అసలు టెన్షన్ అంతా ఆ తర్వాతే, ఎందుకంటే రీబిల్డ్ (కొత్త డిస్కులోకి డేటా మళ్లీ నింపడం) అయ్యేంతసేపూ మిగిలిన పాత డిస్కుని మొదటినుంచి చివరిదాకా చదువుతుంది, రెండూ ఒకేసారి కొన్నవైతే దాని వయసూ అంతే. అందుకే రీబిల్డ్ మొదలుపెట్టే ముందే ఫోటోలు, డాక్యుమెంట్లు ఒక యూఎస్‌బీ డ్రైవులోకి కాపీ చేసుకున్నాను. డిస్కు కొనేటప్పుడు అది సీఎంఆర్ (ట్రాకులు ఒకదానిమీద ఒకటి ఎక్కకుండా రాసే) రకమేనా అని తప్పకుండా చూడండి. ట్రాకులు ఒకదానిమీద ఒకటి కొంత ఎక్కేలా రాసే ఎస్ఎంఆర్ డిస్కులతో రీబిల్డ్ రోజుల తరబడి సాగొచ్చు. 2020లో నాస్ కోసమని అమ్మిన కొన్ని డిస్కుల్లో ఆ సంగతి చెప్పకుండా ఎస్ఎంఆర్ పెట్టారని బయటపడి పెద్ద గొడవే అయింది.

రెండు డిస్కులున్నాయి కదా, ఇంకేం భయం అనుకునేవాళ్లకి ఒక మాట. ఒకదాంట్లో ఫైలు డిలీట్ చేస్తే రెండోదాంట్లోనూ ఆ క్షణమే పోతుంది. ల్యాప్‌టాప్‌లో రాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్) దూరితే డ్రైవ్ లెటర్ ఇచ్చి కలిపిన నాస్ ఫోల్డర్లని కూడా లాక్ చేసేస్తుంది. అందుకే నేను బ్యాకప్ కోసం వేరే యూజర్‌నేమ్ పెట్టాను, రోజూ వాడే లాగిన్‌కి ఆ ఫోల్డర్ కనిపించదు. స్నాప్‌షాట్లు (ఫైళ్లు అప్పటికి ఎలా ఉన్నాయో అలా దాచిపెట్టేవి) ఆన్ చేశాను, అవి నన్ను నిజంగానే ఒకసారి ఆదుకున్నాయి.

కంపెనీ అప్‌డేట్లు ఆపేసినప్పుడు మొదట పోయింది ఫోన్ యాప్. లాగిన్ వాళ్ల సర్వర్ మీదుగా వెళ్లాలి, ఆ సర్వర్ లేదు. ఇంటి నెట్‌వర్క్‌లో మాత్రం డ్రైవ్ ఎప్పటిలాగే తెరుచుకుంటోంది, ఎందుకంటే ఇది ఎస్ఎంబీ (నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకోవడానికి కంప్యూటర్లు వాడే భాష) కొత్త వెర్షన్లలో మాట్లాడుతుంది. ఎస్ఎంబీ 1 తప్ప ఇంకేమీ రాని పాత డబ్బాల సంగతి వేరు. 2017లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన సిస్టమ్‌లో ఎస్ఎంబీ 1 మామూలుగా ఉండదు, దాంతో నిన్నటిదాకా ఉన్న డ్రైవ్ ఇవాళ కనిపించట్లేదని జనం లబోదిబోమన్నారు. అప్‌డేట్లు రాని నాస్‌ని ఇంటర్నెట్‌కి కలిపి ఉంచడం మాత్రం అస్సలు వద్దు. 2021 జూన్‌లో వెస్టర్న్ డిజిటల్ మై బుక్ లైవ్ డ్రైవులు ఎవరో బయటినుంచి ఫ్యాక్టరీ రీసెట్ చేసేయడంతో చాలామంది ఏళ్లనాటి డేటా పోయింది. వాటికి అప్‌డేట్లు 2015లోనే ఆగిపోయాయి. నాదానికి రౌటర్‌లోనే బయటి దారి మూసేశాను.

డబ్బానే చచ్చిపోతే? దీనిగురించి ఎవరూ రాయరు, నాకైతే ఇదే అన్నిటికంటే ముఖ్యం. నాస్ ఆపేసి, ఒక డిస్కు బయటికి తీసి, యూఎస్‌బీ డాక్‌లో పెట్టి, లినక్స్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసిన ల్యాప్‌టాప్‌లో చదవడానికి మాత్రమే తెరిచి చూశాను. ఫోల్డర్లన్నీ శుభ్రంగా కనిపించాయి, ఎందుకంటే లోపల ఉన్నది లినక్స్ వాడే మామూలు ఈఎక్స్‌టీ4 ఫార్మాట్. విండోస్‌కి పెడితే మాత్రం ఫార్మాట్ చేయమంటారా అని అడుగుతుంది, పొరపాటున కూడా సరే అనకండి. కొన్ని డ్రైవులు బోర్డులోనే ఎన్‌క్రిప్ట్ చేస్తాయి, బోర్డు కాలిపోతే డిస్కు బాగున్నా అందులోది చదవలేం. అలాంటిది ఉచితంగా ఇచ్చినా నేను తీసుకోను.

ల్యాప్‌టాప్ ఎస్ఎస్‌డీ పోయినప్పుడు పూర్తి రీస్టోర్ కూడా దీన్నుంచే చేశాను. రికవరీ పెన్‌డ్రైవ్‌లో వైఫై డ్రైవర్ లేదు, కాబట్టి నాస్ కనిపించాలంటే కేబుల్ కావాల్సిందే. ల్యాన్ పోర్టు లేని ల్యాప్‌టాప్ వాడేవాళ్లు యూఎస్‌బీ అడాప్టర్ ఒకటి ఇప్పుడే తెచ్చి పక్కన పెట్టుకోండి. మ్యాక్ ఉన్నవాళ్లు టైమ్ మెషిన్‌కి (మ్యాక్ సొంత బ్యాకప్ ప్రోగ్రామ్) ఇంత చోటే అని కోటా పెట్టండి, లేకపోతే ఉన్న చోటంతా అదే తినేస్తుంది. డిస్కుల గరగర రాత్రిపూట బాగా వినిపిస్తుంది కాబట్టి పడకగదిలో మాత్రం పెట్టొద్దు.