కానుక పంపే ముందు చూడదగిన చోటు: నాన్‌ప్రాఫిట్ ఎక్స్‌ప్లోరర్

పర్లాకిమిడిలో మా క్రైస్తవ సంఘానికి కోశాధికారిని కాబట్టి, ఆదివారం ఆరాధన ముగిశాక కానుకల సంచి బల్ల మీద బోర్లించి, చిల్లర విడదీసి లెక్కపెట్టి, ఇద్దరు పెద్దల సంతకాలతో పుస్తకంలో రాయడం నాకు అలవాటు. మా పెద్దమ్మ ఒకరు తన పింఛనులోని దశమభాగాన్ని టీవీలో చూసే ఒక అమెరికా పరిచర్యకు పంపుతానన్నప్పుడు, ఆ సంస్థ లెక్కల కోసం ప్రోపబ్లికా అనే అమెరికా వార్తాసంస్థ నడిపే ఈ నాన్‌ప్రాఫిట్ ఎక్స్‌ప్లోరర్ వెబ్‌సైట్ తెరిచాను.

రుసుము లేదు. సంస్థ పేరు కొడితే, అది అమెరికా పన్నుల శాఖకు ఏటా సమర్పించే ఫారం 990 వస్తుంది; అందులో రాబడి, ఖర్చు, ఆస్తులతో పాటు ముఖ్య అధికారులకు ముట్టిన జీతాలు పేరుపేరునా కనిపిస్తాయి. తాజా లెక్కలు కొంత ఆలస్యంగా చేరినా, ఇంత వివరం సామాన్య దాతకు అందడం గొప్ప మేలు.

నేను వెతికిన పరిచర్య లెక్కలు మాత్రం దొరకలేదు. తప్పు ఈ సేవది కాదు: అక్కడి చట్టం చర్చిలకు ఫారం 990 నుంచి మినహాయింపు ఇచ్చింది, చర్చి హోదా పొందిన సంపన్న పరిచర్యలూ ఆ చాటునే ఉండిపోతున్నాయి. 2007లో సెనేటర్ చక్ గ్రాస్లీ ఆరు పరిచర్యలను లెక్కలడిగితే, నాలుగు పూర్తి సమాచారం ఇవ్వనే లేదు; 2011లో విచారణ ముగిసిపోయింది. మన దేశంలోనైతే విదేశీ విరాళాలకు అనుమతి పొందిన సంస్థ, చర్చి అయినా సరే, ఏటా ఎఫ్‌సీ-4 అనే లెక్కల పత్రాన్ని ప్రభుత్వానికి సమర్పించవలసిందే.

ఫోనులో ఆ ఖాళీ ఫలితాన్ని పెద్దమ్మకు చూపించి ఇదంతా వివరించాను. ఆవిడ కాసేపు మాట్లాడకుండా కూర్చుని, నోట్లను తిరిగి కొంగున ముడి వేసుకున్నారు.