డాక్టరేట్‌కు రుసుము కట్టే ముందు ఏ డిగ్రీ ఇస్తారో రాయించుకోండి: ఒక హెచ్చరిక

మధ్యవర్తి సంస్థల ద్వారా విదేశీ డాక్టరేట్‌లో చేరాలనుకుంటున్నవారి కోసం ఇది రాస్తున్నాను. విశ్వవిద్యాలయంలో బోధించడానికి పనికివచ్చే పీహెచ్‌డీ కావాలని అలాంటి ఒక సంస్థకు రాసిన మొదటి ఈమెయిల్‌లోనే స్పష్టంగా అడిగాను. వారు ఇస్తున్నది పీహెచ్‌డీయేనని ఆ సంస్థ సలహాదారు రాతపూర్వకంగా జవాబిచ్చారు. మొదటి వాయిదా చెల్లించాక వచ్చిన ప్రవేశపత్రంలో మాత్రం పీహెచ్‌డీ అన్న మాట ఎక్కడా లేదు. ‘ఎగ్జిక్యూటివ్ డాక్టరేట్’ అని ఉంది. పైగా పట్టా ఇచ్చేది బ్రోచర్ మీద పెద్ద అక్షరాలతో ముద్రించిన విశ్వవిద్యాలయం కాదు, దానికి ‘అకడమిక్ భాగస్వామి’నని చెప్పుకునే మరో సంస్థ. నిలదీస్తే, ‘ఏదైనా డాక్టరేటే కదండీ, పేరు ముందు డాక్టర్ అని పెట్టుకోవచ్చు’ అన్నారు. వారి వ్యాపారమంతా ఆ ఒక్క మాట మీదే నడుస్తోంది. ఆ మాట పచ్చి అబద్ధం.

పీహెచ్‌డీ పరిశోధన పట్టా. అప్పటివరకు తేలని విషయాన్ని సొంత పరిశోధనతో తేల్చి, సిద్ధాంత గ్రంథం సమర్పించి, ఆ రంగం తెలిసిన పరీక్షకుల ముందు దాన్ని సమర్థించుకుంటేనే అది వస్తుంది. ఆక్స్‌ఫర్డ్ ఇచ్చే డీఫిల్ కూడా ఇదే. పేరు వేరైనంత మాత్రాన స్థాయి మారలేదు. వ్యాపార నిర్వహణలో డీబీఏ (డాక్టర్ ఆఫ్ బిజినెస్ అడ్మినిస్ట్రేషన్), విద్యారంగంలో ఈడీడీ (డాక్టర్ ఆఫ్ ఎడ్యుకేషన్) వంటివి వృత్తిపరమైన డాక్టరేట్లు. చాలాకాలంగా ఉద్యోగంలో ఉన్నవారు తమ వృత్తిలో ఎదురయ్యే సమస్యను తీసుకుని, దాని మీద పరిశోధన చేసి వీటిని పొందుతారు. గుర్తింపు ఉన్న విశ్వవిద్యాలయం ఇస్తే ఇవీ నిఖార్సైన డాక్టరేట్లే, వీటిని చిన్నచూపు చూడవలసిన పని లేదు. అయితే అధ్యాపక ఉద్యోగ ప్రకటనలో పీహెచ్‌డీ అని ఉన్నప్పుడు డీబీఏ చెల్లుతుందో లేదో చెప్పవలసింది ఆ ఉద్యోగం ఇచ్చేవారు, సీటు అమ్ముకునేవారు కాదు.

అసలు చిక్కు ఒకే పేరు ఒక్కో దేశంలో ఒక్కో అర్థం ఇవ్వడంలో ఉంది, మధ్యవర్తులు దీన్ని బాగా వాడుకుంటారు. ఎండీ అమెరికాలో వైద్యవృత్తిలోకి అడుగుపెట్టడానికి చదివే పట్టా; భారతదేశంలో ఎంబీబీఎస్ తరువాత చేసే స్పెషలైజేషన్; బ్రిటన్‌లో అప్పటికే వైద్యులైనవారు పరిశోధన చేసి పొందేది. న్యాయశాస్త్రంలో అమెరికా ఇచ్చే జేడీ (జ్యూరిస్ డాక్టర్) పేరులో డాక్టర్ అని ఉన్నా, దాన్ని పొందిన న్యాయవాదులు సాధారణంగా తమను డాక్టర్ అని పిలిపించుకోరు. డీఎస్‌సీ (డాక్టర్ ఆఫ్ సైన్స్) బ్రిటన్‌లో పీహెచ్‌డీకి పై మెట్టు, ఏళ్ల తరబడి ప్రచురించిన పరిశోధనను చూసి ఇచ్చేది. ఇంచుమించు అదే పేరున్న ఎస్‌సీడీని అమెరికాలోని ఎంఐటీ పీహెచ్‌డీకి సమానంగానే ఇస్తుంది. కాబట్టి ఎవరైనా ‘మాది పీహెచ్‌డీ కంటే పెద్దది, డీఎస్‌సీ’ అని చెబితే ఏ దేశంలో, ఏ విశ్వవిద్యాలయం, ఏ నిబంధన కింద ఇస్తోందని అడగండి. నాతో మాట్లాడిన సలహాదారు ఆ ప్రశ్న దగ్గరే ఫోన్ పెట్టేశారు.

రుసుము వాపసు అడిగినప్పుడు వారు చూపిన పరిష్కారం మరీ విడ్డూరం. ఇంకొంత మొత్తం కడితే స్నాతకోత్సవం జరిపి గౌరవ డాక్టరేట్ ఇప్పిస్తామన్నారు. గౌరవ డాక్టరేట్ అంటే ఒక వ్యక్తి సమాజానికి చేసిన సేవను గుర్తించి విశ్వవిద్యాలయం తనంతట తాను ఇచ్చేది. దానికి చదువు లేదు, పరీక్ష లేదు, ఉద్యోగార్హతగా విలువా లేదు. ఎంఐటీ, స్టాన్‌ఫర్డ్ వంటి విశ్వవిద్యాలయాలు గౌరవ డాక్టరేట్లు అసలే ఇవ్వవు. ధర చెప్పి అమ్మేదాన్ని గౌరవం అనడం ఎలాగో నాకు అర్థం కాలేదు.

వారి సమాధానాల్లో ‘మాకు అంతర్జాతీయ గుర్తింపు ఉంది’ అన్నది పదేపదే వచ్చింది. గుర్తింపు ఇచ్చామని చెప్పే సంస్థ కూడా నకిలీది కావచ్చు. కరాచీ కేంద్రంగా పనిచేసిన అగ్జాక్ట్ అనే కంపెనీ లేని విశ్వవిద్యాలయాలతో పాటు, వాటిని గుర్తించే సంస్థలకు కూడా వెబ్‌సైట్లు తయారు చేసిందని న్యూయార్క్ టైమ్స్ 2015లో బయటపెట్టింది. ఆ కంపెనీ అధికారి ఒకరికి 2017లో అమెరికా కోర్టు 21 నెలల జైలు శిక్ష విధించింది. అందువల్ల వారు పంపిన లింకు తెరిచి తృప్తిపడకుండా, ఆ విశ్వవిద్యాలయం ఉన్న దేశపు ప్రభుత్వ జాబితాలో మీరే వెతకండి. అమెరికా అయితే విశ్వవిద్యాలయానికి గుర్తింపు ఇచ్చిన సంస్థను అక్కడి విద్యాశాఖ గుర్తించిందో లేదో కూడా చూడాలి. వెబ్‌సైట్ చిరునామాను రుజువుగా చూపిస్తే నమ్మకండి. చివర ‘డాట్ ఏసీ’ మాత్రమే ఉంటే అది అట్లాంటిక్ మహాసముద్రంలోని అసెన్షన్ ద్వీపానికి కేటాయించిన డొమైన్, ఎవరైనా కొనుక్కోవచ్చు. బ్రిటన్ విద్యాసంస్థలు వాడే ‘డాట్ ఏసీ డాట్ యూకే’ అది కాదు. అమెరికా విద్యాసంస్థలు వాడే ‘డాట్ ఈడీయూ’ విషయంలోనూ 2001లో నిబంధనలు బిగించక ముందే తీసుకున్నవారు గుర్తింపు లేకపోయినా దాన్ని నిలుపుకోగలిగారు.

డబ్బు కట్టే ముందు పట్టా మీద అచ్చయ్యే డిగ్రీ పూర్తి పేరు, దాన్ని ప్రదానం చేసే విశ్వవిద్యాలయం పేరు, సిద్ధాంత గ్రంథాన్ని బయటి పరీక్షకులు చూస్తారా లేదా అన్నది ఒప్పందంలోనే రాయించుకోండి. ఆ తరువాత మధ్యవర్తితో సంబంధం లేకుండా నేరుగా విశ్వవిద్యాలయ రిజిస్ట్రార్ కార్యాలయానికి రాసి నిర్ధారించుకోండి. ఇటీవల అక్కడ డాక్టరేట్ పొందినవారి సిద్ధాంత గ్రంథాలు గ్రంథాలయంలో దొరుకుతాయా అని కూడా అడగండి. నిజంగా పరిశోధన జరిగే చోట ఈ ప్రశ్నకు ఎవరూ నొచ్చుకోరు. నేను అలా రాసినప్పుడు, ఆ మధ్యవర్తితో తమకు ఎలాంటి ఒప్పందమూ లేదని బ్రోచర్ మీద పేరున్న విశ్వవిద్యాలయం జవాబిచ్చింది. ఆ జవాబునూ, సలహాదారు పంపిన ఈమెయిల్‌నూ జతచేసి రుసుము వాపసు కోసం ఫిర్యాదు చేశాను. ఇంకా ఏమీ తేలలేదు.