ఇప్పుడేం చదువుతున్నారు? గుడ్‌రీడ్స్‌ను ఆరేళ్ళు వాడాక

చదివే అలవాటున్నవాళ్ళు ఇద్దరు కలిస్తే, క్షేమసమాచారాలు ముగిశాక వచ్చే ప్రశ్న సాధారణంగా ఒకటే: "ఇప్పుడేం చదువుతున్నారు?" ఇష్టమైన పుస్తకాలేమిటని అడిగితే ఎవరైనా కాస్త ఆలోచించి, నలుగురూ మెచ్చే పేర్లు రెండు కలిపి చెబుతారు. చేతిలో ఉన్న పుస్తకం విషయంలో ఆ వెసులుబాటు లేదు. నలభయ్యో పేజీ దగ్గర నెల రోజులుగా ఆగిపోయిన పుస్తకమైనా, ఎవరికీ చెప్పుకోలేని చవకబారు నవలైనా, ఉన్నదున్నట్టు ఒప్పుకోవాల్సిందే. పుస్తకాల సిఫారసులు ఇచ్చిపుచ్చుకోవడానికి ఆ జవాబును మించిన పునాది లేదని నా నమ్మకం. చదివే పుస్తకాలను నమోదు చేసుకుని స్నేహితులతో పంచుకునే గుడ్‌రీడ్స్ అనే వెబ్‌సైటును ఆరేళ్ళుగా వాడుతున్నాను కనుక, ఆ ప్రశ్నా దాని జవాబూ చదువరుల మధ్య సాగడానికి అది ఎంతవరకు పనికివస్తోంది అన్న ఒక్క కొలతతోనే దాన్ని ఇక్కడ పరీక్షిస్తున్నాను.

ఓటిస్ చాండ్లర్, ఎలిజబెత్ ఖూరీ చాండ్లర్ 2006 చివర్లో స్థాపించిన ఈ సేవ 2007 జనవరిలో అందరికీ అందుబాటులోకి వచ్చింది. ఒక స్నేహితుడి పుస్తకాల అరను పరికిస్తున్నప్పుడు, ఏం చదవాలో తెలుసుకోవడానికి ముక్కూ మొహం తెలియనివారి కన్నా, అత్యధికంగా అమ్ముడుపోయిన పుస్తకాల పట్టికల కన్నా స్నేహితుణ్ణి అడగడమే మేలు కదా అనిపించి దీన్ని మొదలుపెట్టినట్టు ఓటిస్ చాండ్లర్ చెప్పుకున్నారు. 2013లో అమెజాన్ దీన్ని కొనుక్కుంది. పుస్తకాలు అమ్మే సంస్థే పుస్తకాలపై అభిప్రాయాల గూటికి కూడా యజమాని కావడం కొందరు చదువరులకు మింగుడుపడలేదు. ప్రతి పుస్తకం పేజీలోనూ కొనుగోలు మీట కంటికి ఎదురుగా కనిపిస్తూనే ఉంటుంది. అయితే స్నేహితుడి అరలోకి తొంగిచూడటమనే మొదటి ఆలోచన మాత్రం ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉంది, నన్ను ఇక్కడ నిలిపి ఉంచింది కూడా అదే.

నేను చేరినప్పుడు ప్రతి చదువరికీ మొదట మూడు అరలు ఇచ్చేవారు: చదవాలనుకున్నవి, ప్రస్తుతం చదువుతున్నవి, చదివేసినవి. ఇవి కాక మనకు నచ్చిన పేర్లతో ఎన్ని అరలైనా పెట్టుకోవచ్చు. కొత్తగా చేరినవాళ్ళు మూడో అరను నింపడంలో వారాలు గడుపుతారు, నేనూ గడిపాను. చిన్నప్పటి పిల్లల కథల దగ్గర నుంచి గుర్తున్నవన్నీ ఎక్కించాక తెలిసింది, దాన్ని చూసి మాట్లాడినవారు ఒక్కరూ లేరని. మాటలన్నీ రెండో అర దగ్గరే మొదలయ్యాయి. అక్కడ మనం ఏ పేజీ దాకా వచ్చామో అంకె రూపంలోనో శాతం రూపంలోనో నమోదు చేసి, పక్కన ఒకటి రెండు వాక్యాలు రాసే వీలుంది. స్నేహితులకు అది కనబడుతుంది, వాళ్ళు కింద జవాబు రాయవచ్చు. చూడటానికి ఇంత చిన్న సదుపాయమే, కానీ ఈ సేవ మొత్తంలో నాకు బాగా పనికివచ్చింది ఇదొక్కటే అంటే అతిశయోక్తి కాదు.

ఉదాహరణకు, గత సంవత్సరం ఒక లావుపాటి కుటుంబగాథను చదువుతూ నేను ఇలా రాశాను: "142వ పేజీ. ఇంతవరకూ ఇందులో ఒక్కరూ ఇల్లు కదల్లేదు. నాకూ కదలాలని లేదు గానీ, అది రచయిత గొప్పతనమో నా బద్ధకమో తేలడం లేదు." గంట తిరిగేసరికి, ఆ పుస్తకాన్ని రెండేళ్ళ క్రితమే చదివిన ఒకావిడ జవాబిచ్చారు: "160 దాటే వరకూ ఆపకండి. అక్కడ ఒక ఉత్తరం వస్తుంది. అంతకన్నా చెప్పను." నిజంగానే 163వ పేజీలో ఉత్తరం వచ్చింది, నాలుగే నాలుగు పంక్తులు. అది చదివిన వెంటనే నేను వెనక్కి తిప్పి, ముప్ఫయ్యో పేజీ ప్రాంతంలో ఏమీ జరగడం లేదని విసుక్కున్న భోజనాల సన్నివేశాన్ని మళ్ళీ చదివాను. ఆ నాలుగు పంక్తుల వల్ల ఆ సన్నివేశంలో ఎవరు ఎవరి వైపు చూడకుండా కూర్చున్నారో అర్థమయింది. పుస్తకం పూర్తయ్యాక నేను సమీక్ష రాసి, ఆవిడ దాన్ని చదివి ఉంటే ఇద్దరం మర్యాదగా ఏకీభవించి ఊరుకునేవాళ్ళం. సరిగ్గా వదిలేయబోతున్న సమయంలో వచ్చిన మాట కాబట్టే అది పనిచేసింది.

నక్షత్రాల సంగతికి వస్తే నాకు అంత సదభిప్రాయం లేదు. గుడ్‌రీడ్స్ ఇచ్చే అయిదు నక్షత్రాలకు దాని లెక్కలో అర్థాలున్నాయి: ఒకటి అంటే నచ్చలేదని, రెండు అంటే ఫరవాలేదని, మూడు అంటే నచ్చిందని, నాలుగు అంటే చాలా నచ్చిందని, అయిదు అంటే అద్భుతమని. ఈ అర్థాలను పట్టించుకునేవాళ్ళు తక్కువ. బడిలో మార్కులకు అలవాటుపడిన మనకు మూడు అంటే "పాసయ్యాడు పాపం" అన్నట్టే వినిపిస్తుంది. ఒకే మూడు నక్షత్రాల వెనుక ఒకరి మెప్పు, ఇంకొకరి నిట్టూర్పు దాగి ఉన్నప్పుడు, వాటన్నిటినీ కలిపి తీసిన సగటుకు ఏం విలువ ఇవ్వాలి? అర నక్షత్రం ఇచ్చే వీలు కూడా లేదు కనుక, మూడుకూ నాలుగుకూ మధ్య ఊగే పుస్తకాలకు నేను ఆ రోజు మనసు ఎలా ఉంటే అలా ఇచ్చేస్తున్నానని ఒప్పుకుంటున్నాను. పైగా అచ్చు కాని పుస్తకాలకు సైతం నక్షత్రాలు పడుతుంటాయి. 2023 జూన్‌లో ఒక ప్రసిద్ధ అమెరికన్ రచయిత్రి రష్యా నేపథ్యంలో రాసిన నవలకు, ఎవరూ చదవకముందే వందలమంది ఒంటి నక్షత్రం ఇచ్చి నిరసన తెలిపారు, దాంతో ఆవిడ పుస్తకం విడుదలనే నిలిపివేశారు. ఆ నిరసన న్యాయమా కాదా అన్నది వేరే చర్చ. చదవని పుస్తకంపై పడిన నక్షత్రాలు, చదివి ఇచ్చిన నక్షత్రాలతో కలిసి ఒకే సగటులోకి చేరుతున్నాయన్నదే ఇక్కడ నా అభ్యంతరం.

యంత్రం చేసే సిఫారసులు కూడా ఈ నక్షత్రాల మీదే ఆధారపడ్డాయి. గుడ్‌రీడ్స్ 2011లో పుస్తకాల సిఫారసులు చేసే డిస్కవరీడ్స్ అనే సంస్థను కొని, అదే సంవత్సరం తన సిఫారసుల పద్ధతిని ప్రవేశపెట్టింది. కనీసం 20 పుస్తకాలకు నక్షత్రాలిస్తేనే అది మన రుచిని అంచనా వేయడం మొదలుపెడుతుంది. ఇలాంటి పద్ధతులు నడిచే తీరు సూత్రప్రాయంగా సులభమే: మీకు నచ్చిన పుస్తకాలు ఇంకెవరెవరికి నచ్చాయో వెతికి, వాళ్ళకు నచ్చిన మిగతా పుస్తకాలను మీ ముందు పెట్టడం. అందుకు ఒకే పుస్తకాన్ని చదివినవాళ్ళు వేలల్లో ఉండాలి. ఇంగ్లీషు పుస్తకాలకు ఆ బలగం ఉంది. చాలా తెలుగు పుస్తకాలకు నక్షత్రాలు పదుల్లోనే ఉంటాయి కాబట్టి, రెండు పుస్తకాలకూ సంబంధం కట్టడానికి యంత్రానికి ఆనవాళ్ళు దొరకవు. దీనికి తోడు ఒకే పుస్తకం ఒకచోట తెలుగు లిపిలో, మరోచోట ఇంగ్లీషు అక్షరాల్లో విడివిడిగా నమోదై, ఉన్న కొద్దిమంది చదువరులూ రెండు పేజీల్లో చీలిపోవడం నేను చాలాసార్లు చూశాను. వాటిని కలపడం గుడ్‌రీడ్స్ లైబ్రేరియన్లు అనే స్వచ్ఛంద సేవకుల పని, 50 పుస్తకాలకు తక్కువ కాకుండా నమోదు చేసుకున్న సభ్యులు ఆ హోదాకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. పాత ముద్రణల పరిస్థితి మరీ కష్టం. ఒక్కో పుస్తకాన్ని గుర్తించడానికి ఇచ్చే ఐఎస్‌బీఎన్ సంఖ్య అంతర్జాతీయ ప్రమాణంగా వచ్చింది 1970లో. ఆ సంఖ్య లేని పుస్తకానికి ఫోను కెమెరాతో బార్‌కోడ్ చూపించే సుఖం ఉండదు, పేరు మొదలు పేజీల సంఖ్య దాకా అన్నీ చేత్తో ఎక్కించుకోవాలి. ఇదంతా ఏకరువు పెట్టడం ఫిర్యాదు కోసం కాదు: యంత్రం చేతులెత్తేసిన చోట మనిషి సిఫారసుకు విలువ పెరుగుతుంది, తెలుగు పుస్తకాల విషయంలో నాకు పనికివచ్చిన సూచనలన్నీ పేరుపేరునా తెలిసిన పదిహేనుమంది నుంచి వచ్చినవే.

పోల్చి చూడటానికి మరో రెండు సేవలను కూడా కొంతకాలం వాడాను. టిమ్ స్పాల్డింగ్ 2005లో మొదలుపెట్టిన లైబ్రరీథింగ్ వయసులో గుడ్‌రీడ్స్ కన్నా పెద్దది. ఇంట్లోని పుస్తకాలను గ్రంథాలయం పద్ధతిలో జాబితా చేసుకోవాలనుకునేవారికి అది చక్కగా సరిపోతుంది, అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వంటి పెద్ద గ్రంథాలయాల నుంచి వివరాలు నేరుగా తెచ్చుకోవచ్చు. ఉచిత ఖాతాకు ఒకప్పుడున్న 200 పుస్తకాల పరిమితిని 2020లో ఎత్తివేశారు. ఒక పుస్తకం పేరు ఇస్తే, అది ఉన్నవాళ్ళ దగ్గర దాదాపుగా కనిపించని పుస్తకాలను చెప్పే "అన్‌సజెస్టర్" అనే కొంటె సదుపాయాన్ని తెచ్చింది కూడా వీళ్ళే. కానీ కబుర్ల విషయంలో అది నాకు కాస్త నిశ్శబ్దంగా తోచింది.

స్టోరీగ్రాఫ్ సంగతి వేరు. నాడియా ఒడునాయో అనే ఇంజనీరు 2019లో తీసుకువచ్చిన ఈ సేవ, పుస్తకం బాగుందా లేదా అని అడిగే ముందు ఎలా ఉందని అడుగుతుంది: నెమ్మదిగా సాగిందా, వేగంగా సాగిందా, చదువుతున్నంతసేపూ గుబులుగా ఉందా, నవ్వు వచ్చిందా, ఆలోచనలో పడేసిందా. నక్షత్రాన్ని పావు వంతులుగా కూడా ఇవ్వవచ్చు. మధ్యలో మానేసిన పుస్తకాన్ని మానేసినట్టుగానే నమోదు చేసుకునే వీలుంది. అన్నిటికన్నా నన్ను ఆకట్టుకున్నది ఇద్దరు ముగ్గురు కలిసి చదివే ఏర్పాటు: నా తోటి చదువరి 200వ పేజీ దగ్గర రాసిన మాట, నేను ఆ పేజీకి చేరేవరకు తాళం వేసి ఉంటుంది. కథ ముందే తెలిసిపోతుందేమోనన్న భయం లేకుండా ఎంత దూరంలో ఉన్నవారితోనైనా కలిసి చదవవచ్చు. ఆ ఉత్తరం విషయంలో అంత నోరు కట్టుకోగల మనిషి అందరికీ దొరకరు కదా. ఈ ఒక్క అంశంలో గుడ్‌రీడ్స్ వెనకబడిందనే చెబుతాను. అయినా నా ఖాతా అక్కడే కొనసాగడానికి కారణం మొహమాటం లేకుండా చెప్పాలంటే, నా పదిహేనుమందీ అక్కడే ఉన్నారు. సంత ఎంత బాగున్నా మనవాళ్ళు రాని సంతలో తిరగబుద్ధి కాదు.

సంవత్సరానికి ఇన్ని పుస్తకాలు చదువుతానని ముందే ప్రకటించే వార్షిక పఠన లక్ష్యం గురించి ఎక్కువ చెప్పను. ముప్ఫై పెట్టుకున్న ఏడాది డిసెంబరులో నేను ఏరి ఏరి సన్నటి పుస్తకాలు చదివాను. ఆ లావుపాటి కుటుంబగాథ అయితే ఆ నెలలో నా చేతికి వచ్చి ఉండేదే కాదు.

ఇచ్చిపుచ్చుకోవడంలో మాత్రం నాకూ, ఉత్తరం సంగతి చెప్పిన ఆవిడకూ మధ్య ఒక పద్ధతి స్థిరపడింది. "మంచి పుస్తకం చెప్పండి" అని అడగము. ఈమధ్య చదివినవాటిలో ఒకటి నచ్చిందని, ఒకటి నచ్చలేదని, రెంటికీ ఎందుకో ఒక్కొక్క వాక్యంలో చెప్పి అడుగుతాము. నచ్చనిదాన్ని చెప్పడం వల్లే ఎక్కువ మేలు జరుగుతోంది, "వర్ణనలు బాగున్నా ఎవరి మీదా కోపం రాలేదు" అన్న ఒక్క మాటతో అవతలివారికి మన రుచి పది నక్షత్రాలు చెప్పలేనంతగా తెలిసిపోతుంది. ఇచ్చేటప్పుడు కూడా ఒక్కటే పేరు ఇవ్వాలి, దానితో పాటు అది మీకే ఎందుకు తగినదో చెప్పాలి. ఒకేసారి పది పేర్లు రాసి పంపేవారి ఉత్సాహాన్ని గౌరవిస్తాను గానీ, ఆ పదీ నా మొదటి అరలోకి చేరి అక్కడే నిద్రపోతాయి. ఆ అర ఇప్పుడు నాలుగు వందలు దాటింది. అది చదవాల్సిన జాబితాగా ఉండటం ఎప్పుడో మానేసి, ఎవరు ఏం చెప్పారో గుర్తుంచుకునే చిట్టాగా మారింది. అందుకే ఈమధ్య ప్రతి పుస్తకం పక్కనా చెప్పినవారి పేరు, చెప్పిన కారణం సొంత నోట్సులో రాసుకుంటున్నాను, దీనికి గుడ్‌రీడ్స్‌లో చోటుంది, చాలామంది గమనించరు.

నోట్సు అన్నాను కనుక ఒక జాగ్రత్త. ఇంతకుముందు వాడిన మరో యాప్ ఒకటి చెప్పాపెట్టకుండా మూతపడి, రెండేళ్ళపాటు రాసుకున్న నా మాటలన్నీ దానితోపాటే పోయాయి. గుడ్‌రీడ్స్ మన అరలన్నిటినీ పట్టికలా తెరుచుకునే ఒక సీఎస్‌వీ ఫైలుగా దించుకోనిస్తుంది, స్టోరీగ్రాఫ్ ఆ ఫైలునే తీసుకుని ఖాతా నింపుతుంది. నేను మూడు నెలలకోసారి దించి దాచుకుంటున్నాను. ఆ ఫైలులో నక్షత్రాలు, సమీక్షలు, తేదీలు వస్తాయి. 142వ పేజీ దగ్గర జరిగిన సంభాషణ వంటివి రావు, వాటిని విడిగా కాపీ చేసుకోవాల్సిందే.

ఉత్తరం సంగతి చెప్పినందుకు బదులుగా, పోయిన నెల ఆవిడకు నేనొక పుస్తకం సిఫారసు చేశాను, "మీకు కోపం తెప్పించే మనిషి ఇందులో ఉన్నాడు" అన్న కారణంతో. నిన్న రాత్రి ఆవిడ అరలో కొత్త నమోదు కనిపించింది: "61వ పేజీ. అందరూ మంచివాళ్ళే. మీరు చెప్పినవాడు ఏడీ?" అతను అప్పటికే రెండుసార్లు వచ్చి వెళ్ళాడు. జవాబు రాయడానికి మూడుసార్లు మొదలుపెట్టి చెరిపేసి, చివరికి "90 దాటే వరకూ ఆపకండి" అని మాత్రం రాశాను.